చెయ్యి సగంలో ఆగిన చోట

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే బాబాయి థియేటర్ ముందు కర్ర ఎత్తి, ఎదుటి హీరో అభిమాని తల పగలగొట్టాడు. కళ్లెర్రజేశాడు, పళ్లు కొరికాడు. నాకు భయం వేయలేదు. భయం వేసింది ఐదో పేజీలో, నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట. కటౌట్‌కు పాలాభిషేకం చేయడానికి ఇంట్లో ఉన్న రెండు పాల ప్యాకెట్లూ తెల్లవారకముందే పట్టుకెళ్లాడని రాశావు. ఆ పొద్దున పిన్ని పిల్లాడికి ఏం కలిపి పట్టింది? పాలు లేవని ఆ ఇంట్లో ఎవరైనా పైకి అన్నారా? నీ కథ అక్కడ ఉంది.

మా నాయనమ్మది గట్టి మడి. ఆవిడ బట్టలు ఎవరికీ అందనంత ఎత్తున దండెం మీద ఆరేవి. కర్రతో వేసి, కర్రతోనే తీసేది. వంటయ్యేదాకా పిల్లలెవరూ వంటింటి గడప దాటకూడదు. నాకు ఏడేళ్లప్పుడు మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయింది. ఏడుస్తూ ఆవిడ దగ్గరికే పరుగెత్తాను. ఆవిడ చెయ్యి నా వైపు సాగింది, సగంలో ఆగిపోయింది. "ఉండు నాన్నా, మడి" అంది. అరిటాకు ముక్కలో పసుపు పెట్టి నేల మీద నా వైపు తోసింది. ఆవిడ కళ్ల నిండా నీళ్లు.

ఆవిడను దుర్మార్గురాలిని చేసి రెండు కథలు రాశాను. రెండూ చచ్చుగా వచ్చాయి. ఇద్దరు బిడ్డలు పసితనంలోనే పోయారని, తన మడి తప్పినందుకే పోయారని ఆవిడ జీవితాంతం నమ్మిందని పెద్దయ్యాక తెలిసింది. నన్నూ పోగొట్టుకుంటానన్న భయం ఆ చేతిని ఆపింది. అది తెలిశాకే మూడో కథ వచ్చింది. అందులోనూ ఆవిడను క్షమించలేదు. క్షమించమని నీకూ చెప్పను.

వీలైతే ఒకసారి కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్లు. అక్కడ ఐదు రోజులు జరిగే పల్నాటి వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. దాయాదుల పగను పల్నాటి యుద్ధం దాకా లాక్కెళ్లిన ఆ పందెం, కోడిపుంజుల మీద కట్టినదే. ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోవలసి వచ్చిందని కథ. ఇన్ని వందల ఏళ్లయినా జనం ఆ కోడిని మరచిపోలేదు. నువ్వు పాల ప్యాకెట్లను పట్టుకో.

మొదటి పేజీ తీసేయి. చీకటితో లేచిన బాబాయి దగ్గర మొదలుపెట్టు. ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తీశాడా, లేక ఎవరు లేచినా ఫరవాలేదన్నట్టు తీశాడా? పర్సులో ఆ హీరో బొమ్మ ఎప్పటి నుంచి ఉంది, దాని వెనక ఇంకెవరి ఫొటో అయినా ఉందా? ఇవి తెలిశాక కర్ర ఎత్తించు. మళ్లీ రాసి పంపు, ఎన్ని పేజీలయినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు