టెక్ సందేహాలు: కెమెరాకు పౌర్ణమి కన్నా అష్టమే మేలు

ఈసారి విశాఖ పాఠకుల ప్రశ్నలు చాలావరకు చంద్రుడి చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతావి వచ్చే వారానికి ఉంచి, ఈ కాలమ్ మొత్తం ఆయనకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. పౌర్ణమి రాత్రి డాబా ఎక్కి ఫొటో తీస్తే చంద్రుడు తెల్లటి చుక్కలా వస్తున్నాడు. నైట్ మోడ్ పెడితే ఇంకా పాడవుతోంది. ఎందుకు? (డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ)

జవాబు: ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది సైజు. మన కంటికి ఎంత పెద్దగా అనిపించినా చంద్రుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీ మాత్రమే. ఫోన్ ప్రధాన కెమెరా అడ్డంగా దాదాపు 70 డిగ్రీల మేర చూస్తుంది. అంటే 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో చంద్రుడికి దక్కేవి 30 పిక్సెళ్లు, అంతే. మెగాపిక్సెళ్లు పెరిగితే ఇది తీరదు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ పెరగాలి. మీ ఫోన్‌లో 3ఎక్స్ గానీ 5ఎక్స్ గానీ విడిగా టెలిఫోటో లెన్స్ (దూరపు వస్తువును దగ్గర చేసి చూపేది) ఉంటే దాన్నే వాడండి. ఆపైన వేళ్లతో లాగే డిజిటల్ జూమ్ వల్ల కొత్త వివరమేమీ రాదు.

రెండోది వెలుతురు. మనకు రాత్రి గానీ చంద్రుడి మీద అది పట్టపగలు. ఆయన నేల నిజానికి ముదురు రంగుది, పడిన ఎండలో నూటికి పన్నెండు వంతులే వెనక్కి పంపుతుంది. అయినా అది నేరుగా పడే ఎండ. చుట్టూ నల్లటి ఆకాశాన్ని చూసి ఫోన్ ‘చీకటిగా ఉంది’ అని లెక్కేసుకుని షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. నైట్ మోడ్ చేసే పనే అది. దాంతో చంద్రుడు తెల్లగా మాడిపోతాడు. ప్రో మోడ్‌లోకి (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) వెళ్లి టెలిఫోటో లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ సెకనులో 1/1000 వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్‌ను మాన్యువల్‌లో అనంతానికి, అంటే కొండ గుర్తున్న వైపుకు జరపండి. చంద్రుడి మీది నల్లటి మచ్చలు విడివిడిగా కనిపించేదాకా షట్టర్ వేగం మార్చుకుంటూ పోండి. ప్రో మోడ్ లేని ఫోనైతే చంద్రుడి మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకు ఫొటోగ్రాఫర్లు ఎప్పటినుంచో వాడుతున్న లెక్క ఒకటుంది. పౌర్ణమికి లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11 దగ్గర పెట్టి, ఐఎస్ఓ ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు. ఐఎస్ఓ 100 అయితే 1/100, 200 అయితే 1/200.

ఇక అసలు మాట. పౌర్ణమి రోజే ఫొటో తీయాలన్న పట్టుదల వదిలేయండి. ఆ రాత్రి చంద్రుడి మీద ఎండ మనవైపు నుంచి నిటారుగా పడుతుంది. నీడలు కనిపించవు. నీడ లేకపోతే గొయ్యి గొయ్యిలా, కొండ కొండలా తెలియవు. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరే నీడలు పొడుగ్గా సాగి గుంటలన్నీ లేచి నిలబడతాయి. ఆ గీత ఏ రాత్రి ఎక్కడుంటుందో చెప్పే సాధనం మీ ఇంటి గోడకే వేలాడుతోంది, తిథులున్న తెలుగు క్యాలెండర్. ఒక్కో తిథి అంటే చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీల చొప్పున దూరం జరగడం. ఆ లెక్కన శుద్ధ షష్ఠికి థియోఫిలస్ బిలం (పెద్ద గుంట) దగ్గర తెల్లవారుతుంది. అష్టమికి సగం చంద్రుడు, నట్టనడుమ టాలెమియస్ బిలం. నవమికి టైకో, ప్లేటో. దశమికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్, అంచుల మెట్లతో సహా. ఏకాదశికి సైనస్ ఇరిడమ్ అనే అర్ధచంద్రాకారపు అఖాతం. పైగా శుద్ధ అష్టమి నాడు పొద్దుగూకేసరికే చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు. నిద్ర మానుకోనక్కర్లేదు, ఊరి దీపాల వెలుతురూ అడ్డు కాదు. ఆ రోజు ఫోన్‌లో షట్టర్‌ను 1/250 దాకా తగ్గించండి, పౌర్ణమి నాటంత కాంతి ఉండదు. ఒక్క జాగ్రత్త. పగలంతా కాగిన డాబా, రాత్రి పడ్డాక కూడా వేడి గాలిని పైకి వదులుతూనే ఉంటుంది. ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌కు, మెట్ల గది గోడకు దూరంగా నిలబడండి. కిటికీ అద్దం లోంచి తీయొద్దు.

ప్రశ్న: మా స్నేహితుడి ఫోన్ 100ఎక్స్ జూమ్‌లో చంద్రుడి బిలాలు కూడా చూపిస్తోంది. అది నిజం ఫొటో కాదని కొందరంటున్నారు. ఏది నమ్మాలి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ)

జవాబు: 2023 మార్చిలో ఈ విషయం మీద పెద్ద చర్చే నడిచింది. రెడిట్‌లో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే బాగా చిన్నది చేసి, మసకబరిచి, మానిటర్ మీద పెట్టి చీకటి గదిలో శాంసంగ్ ఫోన్‌తో ఫొటో తీశాడు. అసలు బొమ్మలో లేని వివరాలు ఫోన్ ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. ఆ తర్వాత కంపెనీయే వివరణ ఇచ్చింది. సీన్ ఆప్టిమైజర్ చంద్రుణ్ని గుర్తుపట్టగానే పలు ఫ్రేములను కలిపి, డీప్ లెర్నింగ్ సాయంతో వివరాలు పెంచుతుందని చెప్పింది. చంద్రుడి ఒకే ముఖం ఎప్పుడూ మనవైపు ఉంటుంది కాబట్టి ఆ ముఖాన్ని సాఫ్ట్‌వేర్‌కు నేర్పడం తేలిక.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ లెన్స్ పట్టిన వెలుతురుకు పదును పెట్టడం ఫొటోగ్రఫీయే. లెన్స్ పట్టని బిలాన్ని తెచ్చి అతికిస్తే అది మీ ఫొటో కాదు. ఆ ఫీచర్‌ను ఆపేయండి (మోడల్‌ను బట్టి దాని పేరు, చోటు మారుతాయి), లేదా ప్రో మోడ్‌లో రా ఫైల్ (ఫోన్ మెరుగులు దిద్దని అసలు ఫొటో) తీయండి. చిన్నగా, కాస్త మసగ్గా వచ్చినా ఫర్వాలేదు, ఆ రాత్రి ఆకాశం అందులో ఉంటుంది. నిజం ఫొటోలో ఒక విశేషం కూడా దొరుకుతుంది. చంద్రుడు మనకేసి ముఖం పెట్టే ఉన్నా కొద్దిగా అటూఇటూ ఊగుతాడు. అందువల్లే కాలక్రమంలో భూమి నుంచి ఆయన ఉపరితలంలో 59 శాతం దాకా చూడగలుగుతున్నాం. కుడి అంచు దగ్గర మేర్ క్రైసియం అనే గుండ్రటి మచ్చ ఉంటుంది. కొన్ని వారాల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఆ మచ్చకూ అంచుకూ మధ్య ఎడం చూడండి. మారి ఉంటుంది. ఆ మార్పును మీ కెమెరాతో మీరే పట్టుకోవడంలో ఉన్న ఆనందం 100ఎక్స్ జూమ్‌లో రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చంద్రయాన్-3 దిగిన చోటు చూపించమంటోంది. ఆన్‌లైన్‌లో ‘675 రెట్లు’ అని రాసిన టెలిస్కోప్ తక్కువ ధరలో ఉంది. కొనొచ్చా? (స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక)

జవాబు: కొనొద్దు. టెలిస్కోప్ శక్తిని తేల్చేది ముందున్న అద్దం వ్యాసం. అది ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పెద్దది చేయడం పనికొస్తుంది. 70 మి.మీ. దానికి 140 రెట్లు గరిష్ఠం. ఆపైన కనిపించేది పెద్ద మసక. 70 మి.మీ. వ్యాసం, 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న సాదా రిఫ్రాక్టర్ (లెన్స్‌తో పనిచేసే టెలిస్కోప్) చాలు. 25 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే లెన్స్) పెడితే 28 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 70 రెట్లు. కొనేముందు స్టాండ్‌ను చేత్తో తట్టి చూడండి. ఊపు వెంటనే ఆగకపోతే పక్కన పెట్టేయండి. బడ్జెట్ ఇంకా తక్కువైతే మంచి 10×50 (10 రెట్లు, 50 మి.మీ. అద్దాలు) బైనాక్యులర్, దాన్ని ట్రైపాడ్‌కు బిగించే అడాప్టర్ కొనండి. చవక టెలిస్కోప్ కన్నా అదే ఎన్నో ఏళ్లు అక్కరకొస్తుంది. కొన్ని టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే చిన్న సూర్యుడి ఫిల్టర్ ఇస్తారు. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. పెట్టె తెరిచిన రోజే పారేయండి. పగటిపూట ఆ టెలిస్కోప్‌ను అమ్మాయి ఒక్కతే వాడకుండా చూసుకోండి.

విక్రమ్ ల్యాండర్ మాత్రం కనిపించదని ముందే చెప్పండి. 70 మి.మీ. టెలిస్కోప్‌లో చంద్రుడి మీద మూడు కిలోమీటర్ల కన్నా చిన్నవి విడిగా తేలవు. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌కు కూడా విక్రమ్ అందదు. చంద్రుడి చుట్టూ తిరిగే వ్యోమనౌకలే దాన్ని ఫొటో తీయగలిగాయి. కానీ చోటు చూపించవచ్చు. 2023 ఆగస్టు 23న అది దిగిన శివశక్తి పాయింట్ దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర, మధ్య గీతకు 32 డిగ్రీల తూర్పున ఉంది. శుద్ధ షష్ఠి, సప్తమి రాత్రుల్లో దక్షిణపు కొస వైపు, వెలుగు పడ్డ భాగంలో గుంటలు కిక్కిరిసిన చోట టెలిస్కోప్ నిలపండి. ఆ ప్రాంతమే. స్టెలేరియం యాప్ ఉచితం, అందులో చంద్రుణ్ని ముందుగా పెద్దది చేసి చూపిస్తే అమ్మాయి తనే వెతుక్కుంటుంది. టెలిస్కోప్‌లో బొమ్మ తిరగబడి ఉండవచ్చు, కంగారు పడొద్దు.

ఫోన్‌ను ఐపీస్‌కు బిగించే హోల్డర్ కూడా తీసుకోండి. ఫొటో బదులు అర నిమిషం వీడియో తీయండి. గాలి కదలికల వల్ల ఒక్కో ఫ్రేమ్ ఒక్కోలా వణుకుతుంది. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత విండోస్ సాఫ్ట్‌వేర్ వాటిలో స్పష్టమైన ఫ్రేములను ఏరి ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. ఫోన్ వీడియోను అది నేరుగా తీసుకోకపోతే పిప్ అనే మరో ఉచిత సాధనంతో ఫార్మాట్ మార్చుకోవాలి. వచ్చిన బొమ్మకు రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పదును పెట్టండి. చంద్రుడి అంచున తెల్లటి గీత కనిపించిందంటే పదును మితిమీరినట్టే.

ప్రశ్న: ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద చంద్రోదయం తీయాలని ఉంది. ఏ నెల మంచిది? (ఫొటోగ్రాఫర్, జగదాంబ సెంటర్)

జవాబు: ఏ నెలా కుదరదు. ఆర్కే బీచ్ నుంచి ఆ కొండ నైరుతిలో ఉంటుంది. మన ఊళ్లో చంద్రుడు తూర్పుకు అటూఇటూ 30 డిగ్రీలలోపే ఉదయిస్తాడు. వేసవి పున్నములకు ఆగ్నేయం వైపు, కార్తిక పౌర్ణమి మొదలు చలికాలమంతా ఈశాన్యం వైపు. కొండ మీదే కావాలంటే మీరు దానికి పడమరన, గాజువాక వైపు ఉండాలి. అటు నౌకాదళ స్థావరాలున్నాయి, అనుమతిలేని చోట కెమెరా తీయొద్దు.

దానికన్నా సముద్రం మీది పడవ మంచి వస్తువు. కిలోమీటరు దూరంలో చంద్రుడి వెడల్పు సుమారు 9 మీటర్లతో సమానం. అంటే 9 మీటర్ల పడవ కిలోమీటరు దూరాన ఉంటే చంద్రబింబం సరిగ్గా దాని పొడవంత కనిపిస్తుంది. రెండు కిలోమీటర్లయితే దానికి రెట్టింపు. 300 మి.మీ. లెన్స్ ఉంటే బాగుంటుంది. పౌర్ణమి కన్నా ముందు రోజు, చతుర్దశి సాయంత్రం వెళ్లండి. అప్పుడు చంద్రుడు పొద్దు గుంకకముందే పైకొస్తాడు. పడవ మీద ఇంకా వెలుతురుంటుంది, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో పడతాయి. పౌర్ణమి దాటాక చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, చీకట్లో పడవ కనిపించదు.

ప్రశ్న: బీచ్ దగ్గరే మా ఇల్లు. లెన్స్ లోపల సాలెగూడు లాంటి మరక వచ్చింది. (పెదవాల్తేరు)

జవాబు: అది బూజు. మన తేమకు త్వరగా పడుతుంది. లోపలి అద్దాలకు పట్టింది కాబట్టి మీరు విప్పకండి, లెన్సులు బాగుచేసే సర్వీసు వాళ్లకివ్వండి. బాగై వచ్చాక తోలు సంచిలో కాకుండా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇసుకలో నిలబడి లెన్స్ మార్చొద్దు. ఇంటికి రాగానే పైన పట్టిన ఉప్పు తడిని కాస్త చెమ్మగిల్లిన మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి.

ప్రశ్న: మళ్లీ మన దగ్గర రాత్రిపూట బాగా కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం ఎప్పుడు? (రిటైర్డ్ టీచర్, సీతమ్మధార)

జవాబు: 2025 సెప్టెంబర్ 7 రాత్రి వచ్చినట్టే, 2028 డిసెంబర్ 31 రాత్రి ఒకటుంది. గ్రహణ మధ్యకాలం మన సమయం ప్రకారం దాదాపు 10 గంటల 22 నిమిషాలకు. పుష్యమాసపు చంద్రుడు కాబట్టి బాగా ఎత్తులో ఉంటాడు. ఎర్రబడ్డాక వెలుగు వేల రెట్లు పడిపోతుంది. ఆ ఒక్క సందర్భంలో పైన చెప్పిన సెట్టింగులు పనిచేయవు. ట్రైపాడ్ వేసి ఐఎస్ఓ 1600, షట్టర్ ఒక సెకను దగ్గర మొదలుపెట్టండి.