గట్టు ఉంది సరే, తాళం వేశారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వీపీఎన్ గురించే, అంటే అందరూ వాడే నెట్‌వర్క్ మీద మనకంటూ విడిగా ఏర్పరచుకునే దారి గురించే. అందులో నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను. పదిమంది డబ్బుతో ముడిపడ్డ విషయం కాబట్టి క్లుప్తంగా తేల్చెయ్యడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చిన్న పొదుపు సంఘం. జిల్లాలో 11 శాఖలున్నాయి. అన్నిటినీ కలుపుతూ ఒక సర్వీస్ ప్రొవైడర్ దగ్గర ఎంపీఎల్ఎస్ వీపీఎన్ తీసుకున్నాం. మొన్న ఆడిట్‌కు వచ్చినాయన "మీ డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తోందా?" అని అడిగారు. ప్రొవైడర్ మనిషిని అడిగితే "వీపీఎన్ అంటేనే సెక్యూర్ కదండీ" అన్నాడు. ఆ ముక్క రాసిమ్మంటే మాత్రం ఇవ్వలేదు. ఆడిటర్‌కు ఏం చెప్పమంటారు?
(పేరు వద్దన్న పాఠకుడు, తెనాలి)

జవాబు: ఎన్‌క్రిప్ట్ కావడం లేదని, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారడం లేదని చెప్పండి. మీరు విడిగా ఏర్పాటు చేసుకుంటే తప్ప, ఈ తరహా వీపీఎన్‌లో అది జరగదు. ఆడిటర్ గారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

చిక్కంతా వీపీఎన్ అన్న పేరుతో వచ్చింది. ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవాళ్లు ల్యాప్‌టాప్‌లో ఆన్ చేసుకునేది కూడా వీపీఎనే, మీరు నెలనెలా బిల్లు కడుతున్నదీ వీపీఎనే. మొదటిది డేటాకు తాళం వేసి పంపుతుంది. మీ ఎంపీఎల్ఎస్ (డేటాకు లేబుళ్లు తగిలించి పంపే పద్ధతి) వీపీఎన్ ప్రొవైడర్ రూటర్లలో ఉండే ఏర్పాటు. అది మీ డేటాను మిగతా కస్టమర్ల డేటాతో కలవకుండా వేరుగా నడిపిస్తుంది, అంతవరకే. పొలం గట్టులాంటిదనుకోండి. మీ చేను ఎక్కడిదాకానో గట్టు చెబుతుంది, మీ నీళ్లు పక్క చేలోకి పోకుండా ఆపుతుంది. గట్టు మీద నడిచే మనిషికి మాత్రం మీ చేలో ఏం పండిందో కనబడుతూనే ఉంటుంది.

మీ శాఖ లైను వెళ్లి కలిసే ప్రొవైడర్ రూటర్‌ను నెట్‌వర్క్ పని చేసే మేం పీఈ అంటాం. మీ ఆఫీసులో ఉండే చిన్న రూటర్ సీఈ. ఒక్కో పీఈ మీద ఎంతోమంది కస్టమర్లుంటారు. ప్రతి కస్టమర్‌కూ అందులో విడిగా ఒక రూటింగ్ టేబుల్ (ఏ అడ్రసుకు ఎటు పంపాలో చెప్పే పట్టిక) ఉంటుంది, దాని పేరు వీఆర్ఎఫ్. నేను గట్టు అన్నది దాన్నే. మీ ప్యాకెట్, అంటే డేటా ముక్క, రాగానే పీఈ దానికి రెండు లేబుళ్లు తగిలిస్తుంది. బయటి లేబుల్ ఏ ఊరి పీఈకి చేర్చాలో చెబుతుంది. లోపలి లేబుల్ అక్కడికి చేరాక ఎవరి టేబుల్లో చూడాలో చెబుతుంది. మధ్యలోని రూటర్లు బయటి లేబుల్ ఒక్కటే చూసి ముందుకు పంపేస్తాయి. లోపలున్న మీ ఖాతాదారు పేరు, నిల్వ, సంతకం స్కాన్ మీరు ఎలా పంపితే అలాగే వెళ్తాయి.

ఈ పద్ధతికి ఆధారమైన ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 4364. 2006లో వచ్చింది. అంతకుముందు రూపం 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2547. ఈ నిర్మాణం ఎన్‌క్రిప్షన్ ఇవ్వదనీ, కావాలంటే కస్టమర్ రూటర్ల మధ్య వేసుకోవచ్చనీ 4364లో భద్రత గురించిన భాగంలోనే ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి ఆడిటర్ గారి ఫైల్లో పెట్టండి.

"అయితే మాత్రం ఏమైంది, గట్టు గట్టిగానే ఉందిగా" అని ప్రొవైడర్ అనవచ్చు. గట్టిగానే ఉంటుంది. కానీ ఆ గట్టు వేసేది మనిషి చెయ్యి. నా చేతి మీదుగానే జరిగిన సంగతి చెబుతాను.

పన్నెండేళ్ల కిందట, నేను అప్పట్లో పనిచేసిన సంస్థలో, ఒక ఆసుపత్రికి ఏలూరులో కొత్త శాఖ లైను ఇవ్వాల్సి వచ్చింది. రాత్రి పన్నెండు దాటాక పని. కన్సోల్ దగ్గర కూర్చున్నది నేనే. ఆ పీఈ మీద ఆసుపత్రికి అదే మొదటి లైను కాబట్టి వీఆర్ఎఫ్ కొత్తగా చెయ్యాలి. ఏ రూట్లు ఈ టేబుల్లోకి రావాలో, ఇక్కడివి ఎవరికి వెళ్లాలో నిర్ణయించే అంకెను రూట్ టార్గెట్ అంటారు. ఆసుపత్రిది 117. అసలు అంకెలు మార్చి రాస్తున్నాను. నేను 171 అని కొట్టాను. రావాల్సినచోటా అదే, పోవాల్సినచోటా అదే. ఆ 171 చీరాలలోని ఒక బట్టల వ్యాపారిది.

రూటర్ ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. ఆసుపత్రి సర్వర్ 192.168.10.5కి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న పరీక్ష) కొడితే వెంటనే జవాబు వచ్చింది. పని అయిపోయిందని టికెట్ మూసేసి, టీ తాగి ఇంటికి వెళ్లాను.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్. "మేడమ్, సర్వర్ పింగ్ అవుతోంది గానీ రిజిస్ట్రేషన్ స్క్రీన్ రావట్లేదు. బయట పేషెంట్లు లైన్లో నిలబడి ఉన్నారు." గంటసేపు అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ల మీద పడ్డారు. నాకు టెన్షన్‌గా ఉండి ఆ వీఆర్ఎఫ్ టేబుల్ తెరిచి రూట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఆసుపత్రికి 14 ఉండాలి. అక్కడ 9 ఉన్నాయి. వాటిలో 192.168.10 ఉంది, కానీ దాని నెక్స్ట్ హాప్ (తర్వాత చేరాల్సిన రూటర్) ఆసుపత్రి సర్వర్ ఉన్న విజయవాడ పీఈ కాదు, చీరాల లైను ఉన్న పీఈ. రాత్రి నా పింగ్‌కు జవాబిచ్చింది ఆసుపత్రి సర్వర్ కాదు, బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే ప్రింటర్. ఇద్దరూ లోపల ఒకే ప్రైవేట్ అడ్రసులు వాడుకుంటున్నారు. అది తప్పేం కాదు, అందరూ అలాగే వాడతారు. ఆ టార్గెట్ రాసిన రెండు కమాండ్ లైన్లు సరిదిద్దగానే అంతా కుదురుకుంది. ఆ రెండు లైన్లు కొడుతున్నప్పుడు నా వేళ్లు వణికాయి. ఆ తొమ్మిది గంటలూ ఆసుపత్రి కంప్యూటర్లు తమ సర్వర్ అనుకుని తలుపు తట్టింది వేరేవాళ్ల దుకాణంలో.

అదే ఆ ఆసుపత్రి తన రూటర్ల మధ్య ఐపీసెక్ (రెండు రూటర్ల మధ్య డేటాకు తాళం వేసే పద్ధతి) వేసుకుని ఉంటే? అవతలి వైపు సరైన కీ ఉన్న రూటర్ లేదు కాబట్టి టన్నెల్, అంటే ఆ తాళం వేసిన దారి, లేచేదే కాదు. నా తప్పు రాత్రే, లైను ఇచ్చిన నిమిషంలోనే బయటపడేది. ఎన్‌క్రిప్షన్ దాచడమే కాదు, అవతల ఉన్నది మనవాళ్లేనా అని కూడా తేలుస్తుంది. మీ సంఘానికి ఈ రెండో పనే ఎక్కువ అక్కర.

కాబట్టి ఇలా చెయ్యండి. ముందు, శాఖల్లో ఉన్న సీఈ రూటర్లు ఎవరివో చూడండి. ప్రొవైడరే పెట్టి, పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే ఉంటే, దాని మీద ఐపీసెక్ వేసినా తాళంచెవి వాళ్ల చేతిలోనే ఉన్నట్టు. మీ సొంత రూటర్ దాని వెనక పెట్టుకుని, ప్రతి శాఖ నుంచి ప్రధాన కార్యాలయానికి ఐపీసెక్ టన్నెల్ వేయించండి. 11 శాఖలకు ఒకే రహస్య పదం పెట్టనివ్వకండి, శాఖకొకటి ఉండాలి. ఇది కుదిరేలోగా మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో తెరుచుకునేదైతే హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తాళం వేసే పద్ధతి) మీద నడపమని దాని కంపెనీని అడగండి. ఎంపీఎల్ఎస్ లైను మానెయ్యక్కర్లేదు. మామూలు ఇంటర్నెట్ కంటే అది నిలకడగా ఉంటుంది, బయటివాళ్లు నేరుగా మీ రూటర్ దాకా రాలేరు.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఫైనలియర్. రూట్ డిస్టింగ్విషర్, రూట్ టార్గెట్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇంటర్వ్యూలో ఈ రెండిటి తేడా చెప్పలేక తడబడ్డాను.
(ఒక విద్యార్థిని, భీమవరం)

జవాబు: చాలామంది రెండిటికీ ఒకే అంకె పెడతారమ్మా, అందుకే కలగాపులగం అవుతుంది. డిస్టింగ్విషర్ ఇంటిపేరు లాంటిది. ఊళ్లో నలుగురు సుబ్బారావులుంటే ఇంటిపేరు పెట్టి పిలుస్తాం కదా. అలాగే నలుగురు కస్టమర్లు 10.1.1.0 వాడుతుంటే, బీజీపీకి (రూటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే పద్ధతి) అవి నాలుగు వేరు రూట్లుగా కనబడాలని 4 బైట్ల అడ్రసుకు ముందు 8 బైట్ల డిస్టింగ్విషర్ తగిలిస్తారు. మొత్తం 12 బైట్లు. దాని పని అక్కడితో సరి.

ఇంటిపేరు తెలిసినంత మాత్రాన ఎవరింటికి ఎవరు వస్తారో తెలియదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం చూసేది రూట్ టార్గెట్. రూటును బయటికి పంపేటప్పుడు ఒక టార్గెట్ కట్టి పంపుతారు. అవతలి పీఈలో ఏ వీఆర్ఎఫ్ ఆ టార్గెట్‌ను ఇంపోర్ట్ చేసుకుంటుందో, ఆ టేబుల్లోకి రూటు వెళ్తుంది. ఒక రూటుకు డిస్టింగ్విషర్ ఒకటే, టార్గెట్లు ఎన్నైనా ఉండొచ్చు. శాఖలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడకుండా హెడ్డాఫీసు మీదుగానే వెళ్లాలంటే రెండు టార్గెట్లు పెడతారు. శాఖలు తమ రూట్లను ఒకదానితో పంపి, హెడ్డాఫీసువి రెండోదానితో తీసుకుంటాయి. ఇది కాగితం మీద బొమ్మ వేసుకుని నువ్వే ఒకసారి చెయ్యి, ఇంక మర్చిపోవు.

ఇంకో సంగతి చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తలెత్తి చూస్తారు. ఒక శాఖకు రెండు పీఈల నుంచి రెండు లైన్లున్నాయనుకో. రెండుచోట్లా ఒకే డిస్టింగ్విషర్ పెడితే, రూట్ రిఫ్లెక్టర్‌కు (పీఈల నుంచి రూట్లు తీసుకుని మిగతా పీఈలకు చెప్పే రూటర్) అవి రెండూ ఒకే రూటుగా కనబడి, మామూలుగా అయితే మంచిదొకటి ఎంచి అదే అందరికీ చెబుతుంది. రెండో లైను సంగతి మిగతా పీఈలకు తెలియనే తెలియదు. మొదటిది పడిపోయినప్పుడు కోలుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే పీఈకొక డిస్టింగ్విషర్ పెట్టడం మంచి అలవాటు.

ప్రశ్న: మా రైస్ మిల్లు నుంచి హెడ్డాఫీసుకు వీపీఎన్ లైను ఉంది. పింగ్ బాగుంటుంది, లాగిన్ అవుతుంది. వేబ్రిడ్జి ఫోటోలు పంపబోతే సగంలో ఆగిపోతుంది. లైను అప్‌లోనే ఉందని ప్రొవైడర్ టికెట్ మూసేస్తున్నాడు.
(ఒక మేనేజర్, మిర్యాలగూడ)

జవాబు: లక్షణాలు చూస్తే ఎంటీయూ (లింకు మీద ఒక్కసారికి పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్యలా ఉంది. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లదాకా ఉంటుంది. ప్రొవైడర్ తన నెట్‌వర్క్‌లో రెండు లేబుళ్లు తగిలిస్తే, ఒక్కోటి 4 చొప్పున, 1508 అవుతుంది. దారిలో ఎక్కడో ఒక స్విచ్ 1500 దగ్గరే ఆగి ఉంటే నిండు ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తుంది. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోతుంది.

విండోస్‌లో పింగ్‌కు ముక్కలు చెయ్యొద్దనే ఎఫ్ ఆప్షన్, సైజు చెప్పే ఎల్ ఆప్షన్ ఉన్నాయి. సైజు 1472 పెట్టి కొట్టండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1500. జవాబు రాకపోతే 1464 పెట్టండి. 1464కి వచ్చి 1472కి రాకపోతే తేడా సరిగ్గా 8 బైట్లు, రెండు లేబుళ్లంత. ఆ రెండు స్క్రీన్‌షాట్లతో కొత్త టికెట్ పెట్టి, "కోర్ లింకుల ఎంటీయూ చూడండి" అని ఒక్క వాక్యం రాయండి. లైను అప్‌లో ఉందన్న జవాబుతో దాన్ని మూసెయ్యలేరు. వాళ్లు సరిచేసేలోగా మీ రూటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితి) 1360కి తగ్గించమనండి, ఫోటోలు వెళ్తాయి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్‌ని. ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన రూటర్‌లో వీపీఎన్ అని ఒక పేజీ ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి దాని ద్వారా ఇంటి కెమెరాలు చూస్తానంటున్నాడు. ఎంత ప్రయత్నించినా కలవడం లేదు.
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మాస్టారూ, రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్‌వర్క్ వైపు మీ రూటర్ అడ్రసు) అని ఉంటుంది, అది చూడండి. 100తో మొదలై రెండో అంకె 64 నుంచి 127 మధ్యలో ఉంటే, అది ప్రొవైడర్ చాలామంది ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రసు వాడుతున్నాడనడానికి గుర్తు. ఈ పని కోసమే 2012లో ఆ అంకెలను విడిగా కేటాయించారు. 10తో మొదలైనా ఇంచుమించు అంతే. అలాంటప్పుడు బయటి నుంచి మీ ఇంటి తలుపు దాకా దారి లేదు. మీ అబ్బాయి సెట్టింగులు ఎన్ని మార్చినా కలవదు, అందులో అతని తప్పేమీ లేదు. నెలకు కొంత అదనంగా కడితే స్టాటిక్ పబ్లిక్ ఐపీ ఇస్తారేమో ప్రొవైడర్‌ను అడగండి. మీ ఇంటికీ, అక్కడ అబ్బాయికీ ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రసులు) ఉంటే ఆ దారీ ఉంది. రూటర్ ఫైర్‌వాల్‌లో అనుమతించాలి, అది అబ్బాయి చూసుకోగలడు.

ఆ పేజీలో "పాస్‌త్రూ" అన్నవి మాత్రమే ఉంటే, అవి ఇంట్లోంచి బయటికి వెళ్లే వీపీఎన్‌లను దాటనివ్వడానికే, లోపలికి రావడానికి పనికిరావు. పీపీటీపీ అనే పాత వీపీఎన్ ఆప్షన్ కనబడితే దాని జోలికి వెళ్లకండి, దాని తాళం ఎప్పుడో విరిగిపోయింది. వైర్‌గార్డ్ గానీ ఓపెన్‌వీపీఎన్ గానీ ఉంటే వాడుకోవచ్చు. ముందు ఆ వాన్ ఐపీలో మొదటి రెండు అంకెలు చూసి రాయండి, తర్వాత ఏం చెయ్యాలో వచ్చే నెల చెబుతాను. అడ్రసు మొత్తం రాయొద్దు.