వచ్చిన పని వెనక్కి పోతుంటే ముందు పరీక్షలు, తర్వాతే శిక్షణ

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. ఆటిజం ఉంది. పొడి పొడి మాటల్లో కావలసింది చెబుతాడు. స్నానం, బట్టలు వేసుకోవడం తనే చేసుకునేవాడు. రెండు నెలలుగా బాగా నెమ్మదించాడు, స్నానానికి గంట పడుతోంది. చిరాకు పడుతున్నాడని, ఎప్పుడో డాక్టర్ రాసిన రిస్పెరిడోన్ మాత్రలు మిగిలి ఉంటే మూడు వారాలుగా సగం చొప్పున ఇస్తున్నాం. ఈ వయసులో లైఫ్ స్కిల్స్ శిక్షణ వల్ల లాభం ఉంటుందా? చిన్న మార్పుకే తల్లడిల్లిపోతాడు. తట్టుకోవడం నేర్పగలమా?
- ఒక తల్లి

జవాబు: లాభం ఉంటుందమ్మా, 21 ఏళ్లకి ఆలస్యమేమీ కాలేదు. అయితే మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నాకు ఆందోళనగా ఉంది. తన పని తాను చేసుకునే కుర్రాడు రెండు నెలల్లో ఇంత నెమ్మదించాడంటే బద్ధకమనో మొండితనమనో అనుకోకండి.

కుళాయి మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోతున్నాడా? గుమ్మం దగ్గర అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ నిలబడిపోతున్నాడా? మీరు భుజం తడితే గానీ కదలడం లేదా? అలా ఉంటే క్యాటటోనియా, అంటే ఒళ్లు మాట వినక కదలికలు మధ్యలోనే ఆగిపోయే స్థితి, ఉందేమో చూడాలి. ఆటిజం ఉన్నవారిలో ఇది తరచుగా టీనేజ్‌లో, ఇరవైల మొదట్లో బయటపడుతుంది. చికిత్స ఉంది, ఆలస్యం చేస్తే ముదురుతుంది. మూర్ఛ కూడా ఈ వయసులో కొత్తగా మొదలవ్వచ్చు. అన్ని మూర్ఛల్లోనూ కింద పడి కొట్టుకోరు, కొందరికి కాసేపు చూపు నిలిచిపోతుందంతే. డిప్రెషన్, థైరాయిడ్, నోటితో చెప్పలేని పంటి నొప్పి, మలబద్ధకం కూడా చూడాలి. మనిషిని చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. ఆగిపోయినప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి, ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి లేదా న్యూరాలజిస్టుకి చూపించండి.

ఇక ఆ మాత్ర. పాత చీటీ పట్టుకుని ఇంత మందు సొంతంగా ఎలా మొదలుపెట్టారమ్మా? రిస్పెరిడోన్ చిరాకును తగ్గించే మందే. కానీ లోపల ఉన్నది క్యాటటోనియా అయితే దాన్ని ఇంకా పెంచగలదు. మత్తు, బరువు పెరగడం, కండరాలు బిగుసుకోవడం లాంటి దుష్ప్రభావాలు దానికి అదనం. మొదలుపెట్టినట్టే మీ అంతట మీరు ఆపేయడమూ వద్దు. ఇవాళే ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి మోతాదు, ఎన్ని రోజులుగా ఇస్తున్నారో చెప్పి, ఆయన చెప్పినట్టు చేయండి. జ్వరంతో పాటు ఒళ్లు బిగుసుకుపోయినా, తిండీ నీళ్లూ మానేసినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పరీక్షలయ్యాక శిక్షణ మొదలుపెట్టవచ్చు. స్నానమే తీసుకోండి. దాన్ని పది పన్నెండు మెట్లుగా విడగొట్టి బొమ్మలతో గోడకు అంటించండి. తుడుచుకున్నాక తువ్వాలు తగిలించడం చివరి మెట్టు. ముందుగా అదొక్కటే తనతో చేయించి, మిగతా వాటికి మీరు సాయం పట్టండి. అది వచ్చాక దాని ముందు మెట్టు. ఇలా వెనక నుంచి వస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది తనే అవుతాడు.

చాలా ఇళ్లలో ఈ శిక్షణ నోటి మాట దగ్గర దెబ్బతింటుంది. ‘ఇప్పుడు సబ్బు, ఇప్పుడు నీళ్లు’ అని రోజూ అంటుంటే ఆ మాట కూడా ఒక మెట్టయిపోతుంది, అమ్మ అననిదే చెయ్యి కదలదు. వెనక నిలబడండి. పది సెకన్లు ఆగండి. అప్పటికీ చేయకపోతే మోచేతిని మెల్లగా ముందుకు తోయండి. కొన్నాళ్లకు బొమ్మ వైపు వేలు చూపిస్తే చాలు, తర్వాత అదీ మానేయండి.

తట్టుకోవడం నేర్పే పద్ధతీ ఇలాంటిదే. వారానికి ఒకే చిన్న మార్పు, అదీ నిద్ర బాగా పట్టిన రోజున, ముందే చెప్పి: తువ్వాలు రంగు మార్చడం, స్నానం పది నిమిషాలు వెనక్కి జరపడం లాంటివి. రెండు మార్పులు ఒకే రోజు పెట్టకండి. ‘ఆగాలి’, ‘సాయం కావాలి’ అని రెండు కార్డులు చేతికి అందేలా ఉంచి, బాగున్నప్పుడే వాడించండి. తల్లడిల్లుతున్నప్పుడు పాఠం ఎక్కదు. అప్పుడు మాటలు తగ్గించి, గదిలో వెలుతురు, చప్పుడు తగ్గించి, పక్కన ఉండండి.

శిక్షణ మొదలుపెట్టే రోజున తను ఏ మెట్టు ఎంతవరకు చేస్తున్నాడో రాసుకుని అక్కడి నుంచే మొదలుపెట్టండి, రెండు నెలల కిందట ఎంత చేసేవాడన్నది లెక్కలోకి తీసుకోకండి.