మాథేరాన్‌లో గుర్రం ఎక్కాలంటే భయమా? ఇలా చేసి చూడండి

వచ్చే నెల ముంబై దగ్గరి కొండ ఊరు మాథేరాన్ వెళ్తున్నామని, ఇంట్లో అందరూ గుర్రం ఎక్కుదామంటుంటే మీకు మాత్రం గుండె దడగా ఉందని రాశారు. ఆ భయం సహజమేనండీ. మొదటిసారి నాకూ చేతులు చెమటలు పట్టాయి.

అక్కడ మోటారు వాహనాలను దస్తూరీ నాకా అనే చోటే ఆపేస్తారు. పైకి కొండ దారి. గుర్రం అతను కళ్ళెం పట్టుకుని పక్కనే నడుస్తాడు. ఎక్కకముందే "ధీరే చలో భయ్యా, దౌడానా మత్" (మెల్లగా నడువు అన్నా, పరుగెత్తించకు) అని గట్టిగా చెప్పండి. జీను పట్టీ బిగించమని కూడా అడగండి, వదులుగా ఉంటే జీను పక్కకి జారుతుంది.

గుర్రం వెనక అస్సలు నిలబడకండి. ఎడమ భుజం వైపు నుంచి వెళ్లి, మెడ మీద చెయ్యి వేసి, ఎడమవైపు నుంచే ఎక్కండి. రికాబులో (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే వలయంలో) పాదం ముందు భాగమే పెట్టి మడమ కిందికి దించండి. పాదం మొత్తం దూర్చేస్తే పడినప్పుడు ఇరుక్కుంటుంది, అసలు ప్రమాదం అదే. అందుకే చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. దిగుడులో నడుము కొంచెం వెనక్కి, ఎక్కుడులో ముందుకి. టెన్షన్‌లో ఊపిరి బిగబట్టకండి, మీరు బిగుసుకుంటే గుర్రానికి తెలిసిపోతుంది.

పదడుగులు నడిచాక కూడా కుదరదనిపిస్తే ఆపమని దిగిపోండి, మొహమాటపడకండి. దస్తూరీ పక్కనే అమన్ లాడ్జ్ స్టేషన్ నుంచి పైకి చిన్న రైలు ఉంది.