క్రోనో ట్రిగ్గర్ మొదటిసారి ఆడేవాళ్ళు గైడ్ చూడాలా?

మీరు అడిగింది ఇది: కొత్త గేములకి అలవాటుపడ్డ మీరు మొదటిసారి ఒక పాత ఆర్‌పీజీ (పాత్రల బలం పెంచుకుంటూ కథలో ముందుకెళ్ళే గేమ్) మొదలుపెట్టారు, అది కాలాల మధ్య ప్రయాణించే క్రోనో ట్రిగ్గర్. సంత, కోర్టు, జైలు అన్నీ దాటి 2300 నాటి పాడుబడ్డ ప్రపంచానికి చేరారు. అక్కడి ఆరిస్ డోమ్ అనే కట్టడంలో, దారి రహస్యం తెలిసిన ఎలుక దొరక్క అక్కడే ఆగిపోయారు. ఇప్పుడు గైడ్ పక్కన పెట్టుకుని గబగబా పూర్తి చెయ్యాలా, లేక ఇంతటితో వదిలెయ్యాలా అన్నది మీ అనుమానం. దీన్ని అందరూ ఇంతగా ఎందుకు పొగుడుతారు అని కూడా అడిగారు.

వదలొద్దు. గైడూ వద్దు, కనీసం మొదటిసారికి. నేను ఈ గేమ్‌ని మొదట సూపర్ నింటెండో వెర్షన్‌లో, తర్వాత ఫోన్‌లో, ఆ తర్వాత పీసీలో ఆడాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఎలుక సంగతి తేల్చేద్దాం. అది బొమ్మలా కదలకుండా ఉంటుంది, మీరు దగ్గరికి వెళ్ళగానే పరుగు తీస్తుంది. నడిస్తే దొరకదు, డాష్ బటన్ నొక్కి పట్టుకుని వెంటపడాలి. తగిలేంత దగ్గరికి రాగానే, మనుషులతో మాట్లాడటానికి ఏ బటన్ వాడతారో అదే నొక్కాలి. తప్పించుకుపోతే ఆ గదిలోంచి బయటికి వెళ్ళి మళ్ళీ రండి, తిరిగి అక్కడే ఉంటుంది. ఒకవేళ ఆహారం దాచిన గది వైపు ఇంకా వెళ్ళకపోతే ముందు అటు వెళ్ళండి. ఆ దారికి గార్డియన్ అనే యంత్రం కాపలా. దాని రెండు పక్కలా తిరిగే చిన్న బిట్‌లు బతికుండగా దాన్ని కొట్టకండి, మూడూ కలిసి తిరగబడతాయి. ముందు బిట్‌లని కూల్చండి. అప్పుడది అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది, సున్నా రాగానే బిట్‌లు మళ్ళీ లేస్తాయి. ఆ లెక్క నడుస్తున్న కాసేపే మీ అవకాశం.

ఎలుక రహస్యం చెప్పాక దారి తెరుచుకుంటుంది, కొంచెం ముందుకెళ్తే ఒక కంప్యూటర్ గది వస్తుంది. అక్కడి తెర మీద ఏం కనిపిస్తుందో చెప్పను. 1999 అన్న అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి. మీరు ఇప్పటిదాకా ఆడింది సంతలో తగిలిన ఒక అమ్మాయిని వెతికి ఇంటికి చేర్చడం, ఆ పుణ్యానికి జైలు పాలవడం. అసలు కథ ఆ తెర దగ్గర మొదలవుతుంది. అది చూశాక మీ హీరో క్రోనో, సంతలో తగిలిన ఆ అమ్మాయి మార్ల్, స్నేహితురాలు లుక్కా, ముగ్గురూ ఒక నిర్ణయం తీసుకుంటారు. ఏ రాజూ వాళ్ళని పంపడు, ఏ జోస్యమూ వాళ్ళ పేరు చెప్పదు. తమ కాలానికి వెయ్యేళ్ళ తర్వాత జరగబోయే దాని గురించి వాళ్ళకేం పట్టాలి? అయినా పట్టించుకుంటారు. ఆ రోజుల ఆర్‌పీజీల్లో "నువ్వే మమ్మల్ని కాపాడాల్సిన వీరుడివి" అని ఎవరో ఒకరు ముందే చెప్పేయడం మామూలు. ఇక్కడ అలా చెప్పేవాళ్ళు లేకపోవడమే నాకు ఎప్పటికీ నచ్చే విషయం. మీరు సరిగ్గా ఆ గది గుమ్మం ముందు ఆగిపోయారు.

ఇక గైడ్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. కోర్టు సీన్ దాటారు కాబట్టి అదే తీసుకుందాం. సంతలో ఆ అమ్మాయి మిమ్మల్ని గుద్దుకుని పడినప్పుడు మీరు ముందు ఆమెని పలకరించారా, లాకెట్ తీసుకున్నారా? బల్ల మీద ఎవరిదో భోజనం ఉంటే తినేశారా? పిల్లి తప్పిపోయిన పాపకి సాయం చేశారా? మార్ల్ మిఠాయి ఎంచుకుంటుంటే ఓపిగ్గా నిలబడ్డారా? ఆడుతున్నప్పుడు ఇవన్నీ ఊరికే పెట్టిన సరదాలు అనుకుంటాం. తర్వాత కోర్టులో ఒక్కొక్కటీ సాక్ష్యంగా బయటికి వస్తుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు ఆ భోజనం యజమాని బోనెక్కడం చూసి గట్టిగా నవ్వాను, కొంచెం సిగ్గు కూడా పడ్డాను. నిర్దోషి అని తేలినా జైలు తప్పదు, అది వేరే విషయం. గైడ్ చూసి ఆడేవాడు భోజనం ముట్టుకోడు, పిల్లిని తెచ్చిస్తాడు, ఏడుగురు జ్యూరీ సభ్యుల చేతా శభాష్ అనిపించుకుంటాడు. కానీ ఆ సీన్ వాడి గురించి ఏమీ చెప్పదు. ముందే ప్రశ్నపత్రం దొరికిన పరీక్షలాంటిది.

గేమ్ మొత్తం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఒక కాలంలో మీరు చేసినది ఇంకో కాలంలో కనిపిస్తుంది. ఇప్పటికి మీరు చూసినవి 1000, 600, 2300 సంవత్సరాలు మాత్రమే. ముందు ముందు క్రీస్తు పూర్వం ఆరున్నర కోట్ల ఏళ్ళ దాకా వెళ్తారు, క్రీస్తు పూర్వం 12,000కి కూడా. ఆ రెండో చోటు గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పను, ఇంకెవరైనా చెప్పబోయినా చెవులు మూసుకోండి. ఎక్కడైనా దారి మూసుకుపోతే "తర్వాత ఎటు వెళ్ళాలి" అని కాదు, "దీనికి జవాబు ఏ కాలంలో ఉంటుంది" అని ఆలోచించండి. ఇలా ఆలోచించడం అలవాటైతే ఆట సగం లొంగినట్టే.

కొత్త గేముల్లో మిషన్ల చిట్టా ఉంటుంది, మ్యాప్ మీద బాణం గుర్తు ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు, మీ చిరాకు చాలావరకు అందుకే అనుకుంటాను. దానికి నా మందు ఒక చిన్న నోట్‌బుక్. తెరుచుకోని తలుపు ఎక్కడుంది, ఎవరు విచిత్రంగా మాట్లాడారు, ఏ కాలంలో, ఇంతే రాసుకునేవాణ్ణి. బాంగర్ డోమ్‌లో ఎంత నొక్కినా తెరుచుకోని తలుపు చూశారు కదా, అది రాయండి. కోటలోనూ కొన్ని ఇళ్ళలోనూ కనిపించే మూసిన నల్ల పెట్టెలు రాయండి. చాలా గంటల తర్వాత అవి తెరిచే వీలు వస్తుంది, అప్పటికి ఎక్కడెక్కడ చూశారో గుర్తుండదు. ఆ పెట్టెల గురించి ఒక్క సూచన ఇస్తాను, ఇది తెలియక చాలామంది మంచి వస్తువులు పోగొట్టుకుంటారు. 600లో పెట్టె ముందు నిలబడినప్పుడు లోపలిది తీసుకుంటారా అని గేమ్ అడుగుతుంది. వెంటనే ఔననకండి. ఇంకో నాలుగు వందల ఏళ్ళు అలాగే ఉంటే అందులోది ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకో చోట ఒకావిడ మీ దగ్గరున్న సరుకుని కొన్న ధర కంటే ఓ వంద ఎక్కువిచ్చి కొంటానంటుంది. బేరం బాగానే ఉంటుంది. అయినా సరే, ఒక క్షణం ఆగండి.

మరీ ఇరుక్కుపోతే గేమ్‌లోనే ఒక గైడ్ ఉన్నాడు. కొద్ది గంటల్లో కాలం అంతమయ్యే చోటు ఒకటి వస్తుంది, అక్కడ దీపస్తంభం కింద టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. ఎప్పుడు పలకరించినా తర్వాత ఏం చెయ్యాలో పొడుపు కథలా చెబుతాడు. కథ చివరికొచ్చి, ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్ళగలిగే సమయానికి పక్క కథలన్నిటికీ ఆయనే ఆనవాళ్ళు ఇస్తాడు. ఆ పక్క కథలు వదిలేసి నేరుగా చివరి యుద్ధానికి పోవద్దు. నా లెక్కలో గేమ్‌లోని మంచి సీన్లలో సగం అక్కడే ఉన్నాయి. ముఖ్యంగా ఎండిపోయిన ఒక అడవికి సంబంధించినది, ఆ రాత్రి మంట చుట్టూ వాళ్ళు మాట్లాడుకునే మాటలు.

యుద్ధాల గురించి మీరు అడగలేదు గానీ రెండు మాటలు. సెట్టింగ్స్‌లో బ్యాటిల్ మోడ్ వెయిట్‌లో పెట్టుకోండి. యాక్టివ్‌లో ఉంటే మీరు మెనూలో వెతుక్కుంటుండగానే శత్రువు కొట్టేస్తాడు, వెయిట్‌లో టెక్ (ప్రత్యేక విద్య) గానీ వస్తువు గానీ ఎంచుకునేటప్పుడు సమయం ఆగుతుంది. టెన్షన్ కావాలనుకుంటే తర్వాత మార్చుకోవచ్చు. లెవెల్ పెంచుకోవడానికి ఒకేచోట గిరగిరా తిరగాల్సిన పని లేదు, దారిలో ఎదురైన వాటితో పారిపోకుండా పోరాడితే సరిపోతుంది. పార్టీలో, అంటే వెంట పోరాడే ముగ్గురిలో, లేనివాళ్ళకి కూడా అనుభవ పాయింట్లు కొంత వస్తాయి. కాబట్టి కొత్తవాళ్ళు చేరిన కొద్దీ మార్చి మార్చి ఆడించండి, ఇద్దరు కలిసి చేసే డబుల్ టెక్‌లు అలాగే బయటపడతాయి. క్రోనో, మార్ల్ కలిసి చేసే ఆరా వర్ల్ ముగ్గురి గాయాలూ ఒకేసారి మాన్పుతుంది, దానితో నేను చాలా దూరం నెట్టుకొచ్చాను. ఇంకొకటి, శత్రువులు నిలబడిన చోటు ముఖ్యం. క్రోనో సైక్లోన్ దగ్గర గుమిగూడినవాళ్ళని కోస్తుంది, లుక్కా మంట ఒక వరుసలో ఉన్నవాళ్ళని కాలుస్తుంది. వాళ్ళు కదులుతూ ఉంటారు కాబట్టి రెండు క్షణాలు ఆగి కొడితే ఒకే దెబ్బకి ముగ్గురు తగులుతారు.

బాస్‌ల (పెద్ద శత్రువుల) దగ్గర ఓడిపోతే లెవెల్ చాలలేదు అనుకోకండి, దాదాపు ప్రతివాడూ ఒక చిన్న చిక్కుముడే. జైలు వంతెన మీద డ్రాగన్ ట్యాంక్ తల ముందు పగలగొట్టకపోతే అది మిగతా భాగాల్ని బాగుచేసుకుంటూ పోతుంది, గమనించే ఉంటారు. త్వరలో హెక్రాన్ అనేవాడు వస్తాడు. కొట్టు చూద్దాం అని సవాలు విసురుతాడు, అప్పుడు చెయ్యి ముడుచుకుని కూర్చోవడమే తెలివి.

ఎందుకు పొగుడుతారన్న ప్రశ్నకి సగం జవాబు పైన చెప్పేశాను. మిగతా సగం దీన్ని చేసినవాళ్ళు. 1995లో స్క్వేర్ దీన్ని విడుదల చేసింది. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనోబు సకగూచి, దానికి పోటీ అయిన డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హొరీ, డ్రాగన్ బాల్ బొమ్మలు గీసిన అకీరా తొరియామా, ముగ్గురూ ఒకే గేమ్ మీద పనిచేశారు. సంగీతం మరీ ముఖ్యం. యసునోరీ మిత్సుదా అప్పటిదాకా శబ్దాలు మాత్రమే చేస్తుండేవాడు. పాటలు కట్టే అవకాశం ఇవ్వకపోతే మానేస్తానని సకగూచితోనే అన్నాడు. ఈ గేమ్ ఇచ్చారు. ఆరోగ్యం పాడయ్యేంతగా పనిచేశాడు, మిగిలినవి నొబువో ఉయెమత్సు పూర్తి చేశాడు. ఫోన్ స్పీకర్‌లో కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, 600లో మ్యాప్ మీద కాసేపు ఏమీ చెయ్యకుండా నిలబడి వినండి.

లోపాలు లేవనను. సంతలో మొదటి గంట నెమ్మదిగా సాగుతుంది. ఆ ఎలుక వేట లాంటివి ఇంకో రెండు మూడు వస్తాయి, ఏదీ నాకు నచ్చలేదు. ఒకసారి ఖాళీ చేసిన చోటికి తిరిగి వెళ్తే శత్రువులు మళ్ళీ ప్రత్యక్షమవుతారు. చివర్లో ఆకాశంలో కనిపించే ఒక చోటు మరీ సాగదీశారు, అక్కడికి ఒకరోజు తీరిక చూసుకుని వెళ్ళండి.

వెర్షన్ విషయానికొస్తే మీరు ఆడుతున్న పీసీ వెర్షన్ సరిపోతుంది. 2018లో వచ్చినప్పుడు బొమ్మలూ మెనూలూ బాలేవని గోల జరిగింది, తర్వాతి అప్‌డేట్లలో బాగుపడింది. ప్లేస్టేషన్ వెర్షన్‌లో కార్టూన్ వీడియోలు ఉంటాయి గానీ లోడింగ్ విసిగిస్తుంది. నింటెండో డీఎస్ వెర్షన్ నుంచి అదనంగా కొన్ని ప్రదేశాలు చేర్చారు, అవి పీసీలోనూ ఉన్నాయి. వాటిలో లాస్ట్ శాంక్టమ్ అనేది అటూ ఇటూ తిరిగి వస్తువులు మోయడమే, వదిలేసినా ఏమీ పోదు.

కథ ఒక్కటే అయితే ఇరవై గంటల పైచిలుకు పడుతుంది, పక్క కథలతో ఇంకొంచెం. పూర్తయ్యాక న్యూ గేమ్ ప్లస్ తెరుచుకుంటుంది, పెంచుకున్న లెవెల్స్‌తో, దాచుకున్న ఆయుధాలతో మళ్ళీ మొదటి నుంచి ఆడొచ్చు. పదికి పైగా ముగింపులు ఉన్నాయి, కథలో ఏ దశలో చివరి శత్రువుని ఓడించారన్న దాన్ని బట్టి ముగింపు మారుతుంది. అప్పుడు మాత్రం గైడ్ తెరవండి, నేనూ తెరిచాను. ఆ దశలన్నీ సొంతంగా ఊహించి పట్టుకునే ఓపిక నాకు లేదు.