స్థలకాలం గళ్ల వల, కణాలు అందులో ముడులు కావచ్చా?

స్థలకాలం (స్థలమూ కాలమూ కలిసిన నేపథ్యం) నిజానికి అతి చిన్న గళ్ల వల అయి, ఎలక్ట్రాన్ వంటి కణాలు ఆ వలలో పడిన ముడులు కావచ్చా అని అడిగారు. డిగ్రీ రోజుల్లో అచ్చంగా ఇదే ఆలోచనతో రెండేళ్లు గడిపాను, మూడు నోట్‌బుక్‌లు నింపాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గళ్ల సంగతి. నా బొమ్మల్లో ఒక్కో గడి ప్లాంక్ పొడవంత, అంటే దాదాపు 1.6 × 10⁻³⁵ మీటర్లు. మా లెక్చరర్ ఆ బొమ్మ చూసి ఒకటే అడిగారు: "దీని మీదుగా వేగంగా వెళ్లేవాడికి గళ్లు ఎలా కనిపిస్తాయి?" సాపేక్ష సిద్ధాంతం ప్రకారం కదిలే దిశలో పొడవులు తగ్గుతాయి, కాబట్టి చతురస్రాలు అతనికి నొక్కుకుపోయి ఉంటాయి. అప్పుడు ఎవరు కదులుతున్నారో, ఎవరు నిలకడగా ఉన్నారో గళ్లను చూసి తేల్చేయొచ్చు. సాపేక్షత ఒప్పుకోనిది అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది కాగితం మీది అభ్యంతరం మాత్రమే కాదు. చాలా గళ్ల నమూనాల్లో, తరంగదైర్ఘ్యం తక్కువున్న, అంటే శక్తి ఎక్కువున్న కాంతికి ఆ గరుకు ఎక్కువ తగిలి వేగంలో రవ్వంత తేడా వస్తుంది. 2009 మేలో ఫెర్మి టెలిస్కోపు ఒక గామా కిరణ విస్ఫోటాన్ని చూసింది. 700 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించిన ఆ వెలుగులో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల అతి శక్తివంతమైన ఫోటాన్ (కాంతి కణం) కూడా, విస్ఫోటం మొదలు కనబడ్డాక సెకను లోపే చేరింది. శక్తికి అనులోమంగా వేగం మారాలనే నమూనాలకు ఇది గట్టి దెబ్బ.

అంతమాత్రాన స్థలకాలం ముక్కలుగా ఉండకూడదని కాదు. 1987లో బొంబెల్లి, లీ, మేయర్, సోర్కిన్ ప్రతిపాదించిన కాజల్ సెట్ ఆలోచనలో స్థలకాలం అంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న కారణ సంబంధంతో కలిసిన విడివిడి బిందువులు; అవి వరుసల్లో ఉండవు, విత్తనాలు వెదజల్లినట్టు పడి ఉంటాయి. వరుసలే లేనప్పుడు ప్రత్యేకమైన దిశా ఉండదు, ప్రత్యేకమైన వేగమూ ఉండదు. మీరు గళ్లు వదిలేసి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ముడులంటే మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే. 1867లోనే భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ పరమాణువులు ఈథర్‌లో (స్థలమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థంలో) ముడిపడిన సుడులని అన్నారు. ఈథర్ పోయింది గానీ ఆ ఆలోచనలో బలం ఉంది: సగం ముడి అంటూ ఉండదు, అందుకే విద్యుత్ ఆవేశం ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఒకేలా ఉండటం ముడులతో సహజంగా అనిపిస్తుంది. ఇంకొకటి, ఎలక్ట్రాన్‌ను 360 డిగ్రీలు తిప్పితే దాని తరంగ ప్రమేయం (క్వాంటం సిద్ధాంతంలో కణాన్ని వర్ణించే గణిత రూపం) ప్లస్, మైనస్ గుర్తు మారుతుంది, 720 తిప్పితేనే మొదటికి వస్తుంది. ఒక బెల్టు తీసుకోండి. ఒక చివర కదలకుండా పట్టి, రెండో చివర ఒక చుట్టు తిప్పితే ఆ మెలిక ఎలాగూ పోదు. రెండు చుట్లు తిప్పితే, ఆ చివరను మళ్లీ తిప్పకుండానే బెల్టు చుట్టూ తెచ్చి విప్పేయొచ్చు! చుట్టూ ఉన్న స్థలానికి అతుక్కుని ఉన్న ముడి కూడా ఇలాగే ప్రవర్తించాలి.

నా నోట్‌బుక్‌లు ఆగిపోయింది ఎక్కడంటే, మ్యూఆన్ అనే కణం దగ్గర. అది అన్నింటా ఎలక్ట్రాన్ లాంటిదే, ద్రవ్యరాశి మాత్రం దాదాపు 207 రెట్లు, పైగా నిలవకుండా క్షయమైపోతుంది. ఆ 207 ఏ ముడి నుంచి వస్తుందో నేను రాబట్టలేకపోయాను. కొత్త బొమ్మలు గీసేముందు ఆ లెక్కకు కూర్చోండి. సగం దారి వచ్చినా ఇక్కడ పెట్టండి, ఒక్కో మెట్టూ చూస్తాను.