నెత్తురు మోటుమాటా?

సందేహం: పరీక్ష కోసం వెళ్లి "నెత్తురు ఎంత తీస్తారమ్మా?" అని అడిగితే అక్కడివాళ్లు నవ్వారు. నెత్తురు మోటుమాటా? సూది గుచ్చిన అమ్మాయి "నరం దొరకలేదు" అంది. మావాడి పాఠంలో 'సిర' అని ఉంది. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: నవ్వినవాళ్లను అని లాభం లేదు. ఇంట్లో బ్లడ్డు, బడిలో రక్తం తప్ప మూడోమాట చెవిన పడకుండా పెంచింది మనమే. మనుమసిద్ధి కొలువులో, ఈ నెల్లూరులోనే ఉన్న తిక్కన యుద్ధపర్వాలు రాస్తూ రుధిరం, శోణితం వంటి సంస్కృతపదాలు ఎన్ని ఉన్నా నెత్తురును వదల్లేదు. ఆయనకు మోటుగాని మాట మనకెట్లా మోటయింది?

దాని పుట్టుక మరీ ముచ్చటైనది. కన్నడంలో నెత్తరు, పాత తమిళంలో నెయ్‌త్తోర్. ఆ తమిళ రూపంలో 'నెయ్' బయటికే కనబడుతోంది. మన నెయ్యి అదే. జిడ్డు, చమురు అనే అర్థాలూ దానికున్నాయి. వేలికంటితే జిగటగా సాగేదాన్ని చూసి పూర్వులు ఈ పేరు పెట్టారని నా నమ్మకం. గిన్నెలో నెయ్యి పేరుకుంటుంది, గాయం మీద నెత్తురూ పేరుకుంటుంది. క్రియ కూడా ఒకటే చూడండి! నెత్తురులోని ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు, ప్లాస్మా అనే ద్రవభాగంలోని ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ కలిసి దాన్ని గడ్డకట్టిస్తాయని వైద్యులు తర్వాత కనిపెట్టారు; ఆ చిక్కబడే గుణాన్ని పల్లె నాలుక ఎప్పుడో పట్టుకుంది. రక్తం అంటే మొదట రంగెక్కినది, ఎర్రనిది అనే. రాపూరు అడవుల్లోని రక్తచందనంలో ఉన్నది ఆ అర్థమే.

ఇక నరం. తమిళ నరంబు దీని తోబుట్టువు. సంగం కాలపు ప్రాచీన తమిళ కవులు యాళ్ వాద్యపు తీగను కూడా నరంబే అన్నారు. ఒంట్లో తీగలాంటిదల్లా నరమే గనక ఆ అమ్మాయిది తప్పనను. మీవాడు మాత్రం పరీక్షలో సిర అనే రాయాలి. గుండెకు నెత్తురు తెచ్చే గొట్టం సిర, గుండె నుంచి తీసుకుపోయేది ధమని. పారేది సిర, ఊదేది ధమని అని చరకసంహిత వ్యుత్పత్తి. సూది దిగేది మోచేతి మడతలోని సిరలో. మణికట్టు దగ్గర కొట్టుకునేది ధమని. దాన్ని పట్టుకు చూడడాన్ని నాడి చూడడమని తాతలనాటి నుంచీ అంటుంటే, పాఠ్యపుస్తకాలు పోయి పోయి మెదడు నుంచి వచ్చే తీగలకు నాడులని పేరు పెట్టాయి. స్థిరపడిన పరిభాష, ఇప్పుడు మార్చమనలేను. అయితే ఈ తికమక పుస్తకాలు తెచ్చిందే. నరం అన్న మనిషిని దిద్దబోవడం నాకు నచ్చదు.